మోడుకు వేరే పంచాంగం

కావలి నుంచి తుమ్మలపెంట సముద్రం వైపు పోయే రోడ్డు కావచ్చు, నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు కావచ్చు. నడివేసవిలో ఒకసారి రోడ్డు పక్క వేపచెట్లను చూస్తూ పొండి. ఒకే ఈడు చెట్లు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి కరెంటు తీగలకు అడ్డొస్తోందని చైత్రంలో ఎవరో మొదలంటా కొట్టేసి ఉంటారు. రెండోదాని జోలికి ఎవరూ పోయి ఉండరు. రోహిణి కార్తె వచ్చేసరికి కొట్టని చెట్టు ముదురాకులతో, కాయల గుత్తులతో ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంటుంది. వెతికినా కొత్త చిగురు కనబడదు. కొట్టేసిన మోడు మాత్రం చుట్టూ ఎర్రటి పిలకలు పెట్టుకుని మోకాలెత్తు లేచి ఉంటుంది. ఆ పిలకల ఆకులు పక్క చెట్టు ఆకులకంటే పెద్దవి, మెత్తనివి.

సంక్రాంతి దాటాక చెప్పుకోదగ్గ వాన లేదు. జానెడు లోతు తవ్వినా తడి తగలదు. రోళ్లు పగులుతాయనే ఎండ. మరి మోడుకు నీళ్లెక్కడివి?

మోడు మొండిది కాబట్టి లేస్తుందని ఊళ్లో అంటారు. మాట బాగుంది కానీ, ప్రశ్న అక్కడే ఉండిపోతుంది. రెండు చెట్ల కింద ఉన్నది ఒకటే నేల, పైన ఉన్నది ఒకటే ఎండ. ఒకటి ఆకు వేయడం ఆపింది, ఇంకొకటి మొదలుపెట్టింది. అంటే ఆకు పుట్టేదీ పెరిగేదీ ఒక్క ఆకాశాన్ని చూసే కాదన్నమాట.

తీరం వాన తీరు

ముందు ఇక్కడి వాతావరణం సంగతి. తెలుగు దేశంలో ఎక్కువ భాగానికి వాన అంటే తొలకరి. మృగశిర వస్తే నాగళ్లు కదులుతాయి. నెల్లూరు తీరానికి ఆ భాగ్యం లేదు. ఏడాది మొత్తంలో జిల్లాకు సగటున పడే వాన సుమారు 1080 మిల్లీమీటర్లు. అందులో దాదాపు 660 మిల్లీమీటర్లు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. అంటే స్వాతి కార్తె నుంచి మార్గశిరం దాకా ఈశాన్య రుతుపవనం, దానితో వచ్చే వాయుగుండాలు, తుపానులే ఇక్కడి అసలు వానాకాలం. నైరుతి రుతుపవనం వాటా మూడో వంతుకు మించదు. అదీ ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రాల ఉరుముల వానే.

జూన్‌లో ఇంకో చిత్రం జరుగుతుంది. నైరుతి గాలి పడమటి కనుమలెక్కేటప్పుడు తన నీళ్లలో చాలా భాగం కేరళకూ కన్నడ తీరానికీ దింపుకుంటుంది. అక్కడి నుంచి పీఠభూమి దాటి, వెలికొండలు దిగి మన దగ్గరికొచ్చేసరికి మిగిలేది పొడి పడమటి గాలి. దిగే గాలి వేడెక్కుతుంది కూడా. ఇదే నెల్లూరు వాళ్లు తిట్టుకునే వడగాడ్పు. అది బలంగా వీచే రోజుల్లో మధ్యాహ్నం రావలసిన సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఒక్కోరోజు రానే రాదు. ఉతికిన పంచె పడమటి గాలికి అరగంటలో పెళపెళలాడుతుంది. అదే పంచె సముద్రపు గాలికి సాయంత్రమైనా చెమ్మగానే ఉంటుంది. ఆకుకు వర్తించేది కూడా ఈ ఆరేసిన బట్ట సూత్రమే. నేలలో ఎంత తడి ఉందన్నది ఎంత ముఖ్యమో, గాలి ఎంత దాహంతో ఉందన్నదీ అంతే ముఖ్యం.

ఆకు సాగడం అంటే ఏమిటి

ఆకు రెండు దశల్లో తయారవుతుంది. మొదటి దశ మొగ్గలోనే, మన కంటికి కనబడకుండా జరుగుతుంది. కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై లెక్కకు మిక్కిలి పుడతాయి. రెండో దశలో ఆ కణాలు ఉబ్బుతాయి. మనం ‘ఆకు పెరిగింది’ అనేది ఎక్కువగా ఈ ఉబ్బడాన్నే.

ఉబ్బించేది నీరు. కణంలో ఉప్పులూ చక్కెరలూ ఉంటాయి కాబట్టి అది చుట్టుపక్కల నీటిని లోపలికి లాగుతుంది. లోపలికొచ్చిన నీరు గోడను బయటికి నెడుతుంది. సైకిల్ ట్యూబులో గాలి బిగువు లాంటిదే ఈ నీటి బిగువు. లేత కణానికి గోడ మెత్తగా ఉంటుంది, బిగువుకు సాగుతుంది. కొన్నాళ్లకు గోడ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత వాన పడినా ఆ ఆకు ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. ముదిరిన ఆకు వానకు కడిగినట్టు మెరుస్తుందే తప్ప పెద్దదవదు. అంటే ప్రతి ఆకూ తాను విచ్చుకున్న ఆ రెండు మూడు వారాల వాతావరణాన్ని తన సైజులో రాసిపెట్టుకుంటుంది. ఒకే కొమ్మ మీద కింద పెద్దాకు, పైన చిన్నాకు, ఆ పైన మళ్లీ పెద్దాకు కనబడితే, నడుమ ఒక ఎండు విడత గడిచిందేమోనని ఊహించవచ్చు. ఎరువు, నీడ, పురుగు కూడా ఆకు సైజు మారుస్తాయి కాబట్టి పందెం మాత్రం కాయకండి.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. నీళ్లు తక్కువైతే ఆకు ఆహారం తయారు చేసుకోలేక పెరగడం మానేస్తుందని అనుకుంటాం. వరుస అది కాదు. నీటి కొరత మొదలవగానే ముందు ఆగేది సాగుదలే. బిగువు కాస్త సడలినా చాలు, గోడ సాగదు. ఆహారం తయారీ ఇంకా నడుస్తూనే ఉంటుంది, కొరత ముదిరాక అది మందగిస్తుంది. అందుకే ఎండాకాలంలో పచ్చగా కనిపించే చెట్టు పెరుగుతోందని చెప్పలేం. అంగడి తెరిచే ఉంటుంది, కొత్త గది కట్టడం ఆగిపోయి ఉంటుంది.

ఇంకో ముక్క. మన వేసవిలో ఆకు సాగేది ఎక్కువగా రాత్రే. పగలు ఆకులోని సన్నని రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి, నీరు ఆవిరై పోతూ ఉంటుంది, బిగువు పడిపోతుంది. చీకటి పడ్డాక రంధ్రాలు మూసుకుంటాయి, వేళ్లు నీళ్లు తోడుతూనే ఉంటాయి, తెల్లవారుజాముకు ఆకు మళ్లీ బిగుస్తుంది.

బాక్స్: పెన్నుతో ఒక ప్రయోగం

మీ ఇంటి ముందు ఏ చెట్టుకైనా, ఏ మోడు పిలకకైనా అప్పుడే విచ్చుకుంటున్న లేతాకు ఒకటి ఎంచుకోండి. నడి ఈనె పక్కన మార్కర్ పెన్నుతో రెండు చుక్కలు పెట్టండి. వాటి మధ్య దూరం సరిగ్గా ఒక సెంటీమీటరు ఉండాలి. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి స్కేలుతో కొలిచి పలకమీద రాయండి. వారం రోజులు చాలు. చుక్కలు దూరం జరిగింది పగలా, రాత్రా అన్నది మీకే తెలుస్తుంది. అదే ప్రయోగం వడగాడ్పు రోజుల్లో ఒకసారి, స్వాతి వానల్లో ఒకసారి చేయండి. ముదురాకు మీద కూడా రెండు చుక్కలు పెట్టుకోండి. అవి కదలవు, మీ స్కేలు సరిగా ఉందో లేదో అవే చెబుతాయి.

దొరువు లెక్క

నెల్లూరు తీరంలో ఇసుక నేలల వాళ్లకు దొరువు తెలుసు. ఇసుకలో తవ్విన తక్కువ లోతు నీటి గుంట అది. పొద్దున నిండుగా ఉంటుంది. కుండలతో తోడి మొక్కలకు పోస్తుంటే సాయంత్రానికి అడుగుకు పోతుంది. రాత్రి ఎవరూ తోడరు కాబట్టి చుట్టూ ఇసుకలోంచి ఊరి, తెల్లారేసరికి మళ్లీ నిండుతుంది. ఊరే వేగం ఒకటి, తోడే వేగం ఒకటి. నీటి మట్టాన్ని నిర్ణయించేది ఈ రెంటి తేడా.

చెట్టు మాను ఒక నిలువు దొరువు. ఊట వేళ్లది, తోడకం ఆకులది. కొట్టని వేపచెట్టుకు వేలాది ఆకులున్నాయి. నడివేసవిలో ఒక్కొక్కటీ ఒక కుండ పట్టుకుని దొరువు చుట్టూ నిలబడ్డట్టే. వేళ్లు రాత్రంతా లాగినా తెల్లవారేసరికి మట్టం పూర్తిగా నిండదు. ఉన్న ఆకులు వాడకుండా ఉండటానికే ఆ నీరు సరిపోతుంది. కొత్త ఆకును సాగదీసేంత బిగువు మిగలదు. చెట్టు కొత్త చిగురు వేయడం మానేస్తుంది.

ఇప్పుడు ఆ చెట్టును కొట్టేశారనుకోండి. కుండలన్నీ ఒక్కరోజులో మాయమయ్యాయి. ఊట మాత్రం అట్లాగే ఉంది. పెద్ద చెట్టును మోయడానికి ఏళ్ల తరబడి పాకిన వేళ్లు, ఎక్కడో లోతు తడిని అందుకున్న వేళ్లు ఇప్పుడు నాలుగు పిలకల కోసం పనిచేస్తున్నాయి. పైగా ఆ పిలకలు నేల మట్టానికి జానెడు ఎత్తులోనే ఉన్నాయి, నీటిని ముప్పై అడుగుల పైకి ఎక్కించే శ్రమ కూడా తప్పింది. దొరువు పొద్దూ మాపూ నిండుగానే ఉంటుంది. ఆ నిండుతనమే ఆకుల్లో బిగువు. రోహిణి కార్తెలో మోడు పెట్టిన ఆకు, కొట్టని చెట్టు కార్తికంలో పెట్టే ఆకులా సాగడానికి కారణం ఇదే. నేల పైపొర ఎండిపోయినా మోడుకు లోపల వానాకాలం నడుస్తోంది.

ఇదేమీ ఉచితంగా రాదు. ఆకులు పోయాక వేళ్లకు తిండి పెట్టేవాళ్లుండరు. సన్నని వేళ్లలో కొంత భాగం చచ్చిపోతుంది. అంటే ఊట కూడా మెల్లగా తగ్గుతుంది. కానీ తోడకం తగ్గినంతగా తగ్గదు. ఆ తేడా ఉన్నన్నాళ్లూ మోడుది వైభోగమే.

నిద్రలేపింది ఎవరు

నీళ్లుంటే చాలదు, మొగ్గ ఉండాలి. వేప, కానుగ, నేరేడు, జామాయిల్ లాంటి చెట్ల బెరడు కింద ఏళ్ల తరబడి నిద్రపోయే మొగ్గలుంటాయి. వాటిని నిద్రలో ఉంచేది చెట్టు తల. కొమ్మల చివర్లలో తయారయ్యే ఒక రసాయనం కిందికి జారుతూ, ‘పెరిగేది నేను, మీరు ఆగండి’ అని చెబుతూ ఉంటుంది. తల నరికితే ఆ మాట చెప్పేవాళ్లు లేరు. వేళ్ల నుంచి పైకొచ్చే మరో రసాయనం మొగ్గలను లేపుతుంది. పెరట్లో గోరింటాకు కొమ్మలు కొడితే గుబురుగా రావడం కూడా ఇదే.

లేచిన మొగ్గకు తొలి రోజుల్లో తిండి ఎక్కడిది? సొంత ఆకుల్లేవు. మొద్దులో, వేళ్లలో చెట్టు దాచుకున్న పిండి పదార్థమే దిక్కు. ఇది గాదెలో గింజల్లాంటిది. గాదె ఎప్పుడు నిండుగా ఉంటుంది, ఎప్పుడు ఖాళీగా ఉంటుంది అన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. చెట్టు ఒంటినిండా కొత్తాకు వేసిన వెంటనే, పూత పూసి కాయ కాసిన వెంటనే గాదె అడుగంటుతుంది. ఆ ఆకులు ముదిరి, నెలల తరబడి సంపాదించాక మళ్లీ నిండుతుంది. కాబట్టి నరికిన రోజున గాలి ఎట్లా ఉందన్నది ఒక్కటే కాదు, దానికి ముందు రెండు మూడు నెలలు చెట్టు ఏం చేసిందన్నది కూడా పిలకల బలాన్ని నిర్ణయిస్తుంది.

ఇంగ్లండులో హేజెల్ పొదలను శతాబ్దాల పాటు మొదలంటా నరికి, పిలకల్ని పెంచి, మళ్లీ నరికేవాళ్లు. ఆ పని ఆకులు రాలిన చలికాలంలోనే చేసేవాళ్లు. అప్పటికి గాదె వేళ్లలో భద్రంగా ఉంటుంది, ముందు వసంతమంతా ఉంటుంది. మన తీరాన అంత ఖచ్చితమైన శిశిరం ఎక్కడుంది? ఒక్కో చెట్టుకు ఒక్కో శిశిరం.

ఉగాది చిగురు రహస్యం

నిజానికి వానకు ముందే చిగురించడం మోడు ఒక్కదానికే చెల్లిన విద్య కాదు. ఉగాది నాటికి రావిచెట్టు రాగి రంగు తిరుగుతుంది. కానుగ అప్పుడే కడిగిన పచ్చదనంతో కళ్లు చెదరగొడుతుంది. వేప చిగురేసి పూత పట్టి పచ్చడికి సిద్ధమవుతుంది. వానాకాలం పోయి మూడు నెలలు, మళ్లీ మంచి వానకు ఆరు నెలలు. ఏ వానను చూసి చిగురించాయవి? మన పండగ చెట్ల చిగురుతో ముడిపడి ఉన్నా, ఆ చిగురు అసలు వింతేనని మనకెందుకో తట్టదు.

ఈ వింత మీద పనిచేసిన ముగ్గురు శాస్త్రవేత్తలు స్టీఫెన్ ఎలియట్, ప్యాట్రిక్ బేకర్, రోల్ఫ్ బోర్చెర్ట్. ఆసియా రుతుపవన అడవుల్లో ఎండాకాలపు చిగురు గురించి 2006లో వాళ్లు రాసిన వ్యాసం దీన్ని ఒక విరోధాభాసగా ముందుపెట్టింది. థాయ్‌లాండ్ అడవుల్లో చాలా చెట్లు తొలివానకు ముందే, మండుటెండలోనే కొత్తాకు వేస్తాయి. దీని వెనక రెండు సంగతులున్నాయి. ఒకటి మన దొరువు లెక్కే. పాత ఆకులు రాలడం అంటే కుండలు పక్కన పెట్టడం. లోతు వేళ్లున్న చెట్టుకు ఆకు రాలిన కొద్ది రోజుల్లో మాను మళ్లీ నిండుతుంది, మొగ్గ కదులుతుంది. అంటే చెట్టు తనను తాను కొంచెం మోడు చేసుకుంటుందన్నమాట. గొడ్డలి ఒక్క దెబ్బకు చేసే పనిని మాఘ ఫాల్గుణాలు నెమ్మదిగా చేస్తాయి.

రెండోది పగటి పొద్దు. నెల్లూరులో అతి పొడవైన పగటికీ, అతి చిన్న పగటికీ తేడా దాదాపు గంటా నలభై నిమిషాలు. మనం పట్టించుకోని ఈ తేడాను చాలా చెట్లు పట్టించుకుంటాయి. పగలు పెరుగుతోందన్న సంకేతం అందితే వాన కోసం చూడకుండా మొగ్గ విప్పుతాయి. వాన రాకడ ఏడాదికోరకంగా ఉంటుంది కానీ పొద్దు మాట తప్పదు కదా. ముందే ఆకు వేసుకున్న చెట్టుకు వాన వచ్చిన రోజు నుంచే సంపాదన మొదలవుతుంది. మన తీరంలో ఈ పందెం కొంచెం కష్టమైనది. థాయ్‌లాండ్ చెట్టు చిగురుకూ వానకూ మధ్య ఒకటి రెండు నెలలు ఆగితే చాలు, ఇక్కడి చెట్టు ఉగాది ఆకును అక్టోబరు దాకా కాపాడుకోవాలి. లోతు నీళ్లందని చెట్టు ఈ ఆట ఆడలేదు.

బాక్స్: లేతాకు ఎరుపెందుకు?

మామిడి, వేప, రావి, మోడు పిలక, చాలా వాటికి లేతాకు మొదట రాగి రంగులో ఉంటుంది. పచ్చరంగు యంత్రాంగం ఇంకా బిగించలేదు. ఆ దశలో ఎండ సూటిగా పడితే లేత కణజాలం దెబ్బతింటుంది. ఎర్ర వర్ణకం గొడుగులా అడ్డుపడుతుంది. పురుగుల కళ్లకు ఎర్రాకు అంత తేలిగ్గా కనబడదనీ, రుచించదనీ కూడా కొందరు శాస్త్రవేత్తల వాదన. మేకల విషయంలో మాత్రం ఆ ఎరుపు ఏమీ పనిచేస్తున్నట్టు లేదు. మోడు పిలకకు వడగాడ్పు కంటే మేకే పెద్ద గండం.

మోడు చూసే నాలుగు కాలాలు

లెక్క తెలిసింది కాబట్టి, ఏ కాలంలో కొడితే పిలక ఆకు ఎట్లా వస్తుందో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు.

మాఘంలో కొట్టిన మోడుకు అన్నీ కలిసొస్తాయి. ఈశాన్య వానల తడి ఇంకా నేలలో ఉంది. పగలు పెరుగుతోంది. చలి విరిగింది. గాలి ఇంకా దాహం పట్టలేదు. చెట్టు ఉగాది చిగురు కోసం గాదె నింపుకుని సిద్ధంగా ఉంది, ఆ సరుకంతా ఇప్పుడు పిలకలకు దక్కుతుంది. మొదటి ఆకులు తొందరగా, ఒత్తుగా వస్తాయి. వేసవి ముదిరేసరికి అవి గట్టిపడి ఉంటాయి.

చైత్రంలో కొడితే కథ మారుతుంది. గాదె అప్పుడే చిగురుకూ పూతకూ ఖర్చయిపోయింది. పిలకలు వస్తాయి, మనం మొదట చూసిన వేప లాగే ఎర్రగా లేస్తాయి కూడా. కానీ మొదటి విడత ఆకుల్ని మేకలు మేసినా, పురుగు తిన్నా రెండో విడత వేయడానికి సరుకు తక్కువ. ఇంకో ప్రమాదం మోడు పై భాగం ఎండిపోవడం. నరికిన చోట ఎండ సూటిగా పడి బెరడు చెక్కను వదిలేస్తే, దాని కింద మొగ్గలు పిలక కాకముందే మాడిపోతాయి. రోహిణి కార్తెలో కొట్టిన సన్నని మోడులు కొన్ని అసలు లేవకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే, వేళ్లలో నీళ్లు లేక కాదు.

ఆగస్టు, సెప్టెంబరు నెలలది మధ్యస్థ స్థితి. పడమటి గాలి నెమ్మదిస్తుంది, ఉరుముల వాన అప్పుడప్పుడు పడుతుంది, ముందు అసలు వానాకాలం ఉంది. ఉగాదికి వేసిన ఆకులు అప్పటికి నాలుగైదు నెలలుగా సంపాదించి ఉన్నాయి. ఇక్కడి వాతావరణానికి ఇది అనువైన సమయమనే నా లెక్క. కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టే పని తుపానులకు ముందు ఎట్లాగూ చేయాలి. దాన్ని చైత్రంలో కాకుండా ఈ నెలల్లో చేస్తే చెట్టుకూ ఊరికీ కూడా కొంత నీడ వేసవికి ముందే తిరిగొస్తుంది.

ఇక నడి కార్తికం. వాన బోలెడు, మరి ఆకులు కూడా బోలెడు రావాలి కదా? ప్రతిసారీ రావు. పల్లపు నేలలో నీళ్లు నిలిచిపోతే వేళ్లకు గాలి ఆడదు. ఊపిరాడని వేరు నీళ్ల మధ్యే ఉండి నీళ్లు లాగలేదు. మోడు నరికిన ముఖం మీద నీళ్లు నిలిస్తే కుళ్లు పడుతుంది. మబ్బు పట్టి పగలు చిన్నదై ఆకుకు వెలుతురు కూడా తక్కువ. అందుకే పెద్ద వానల తర్వాత తెరిపి ఇచ్చే రోజుల్లో ఆకు పరుగు అందుకుంటుంది. పైనుంచి ఎండ, కింద తడి, పొద్దున మంచు, గాలిలో చెమ్మ. డిసెంబరు చివర, జనవరి నెలల్లో తీరం వెంబడి పోతే ప్రతి మోడూ పొదలా కనబడేది ఇందుకే.

తీరానికే ప్రత్యేకమైన ఇంకో శత్రువు ఉప్పు. తుపాను గాలి సముద్రపు తుంపరను లోపలికి తెచ్చి ఆకుల మీద చల్లుతుంది. వెంటనే మంచి వాన పడి కడిగితే సరే, లేకపోతే లేతాకు అంచులు కాలినట్టు నల్లబడతాయి. సముద్రం ఎదురుగా ఉన్న చెట్లు ఊరివైపు వంగి, దువ్వి వెనక్కి తోసిన జుట్టులా కనబడటానికి గాలి తోపు ఒక్కటే కారణం కాదు. సముద్రం వైపు మొగ్గలు ఏటేటా ఉప్పుకు చచ్చిపోతాయి, ఊరివైపువి బతుకుతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను ఈ తీరాన్ని ఒరుసుకుంటూ ఉత్తరానికి పోయి బాపట్ల దగ్గర నేల తాకింది. అలాంటి గాలి ఆకు దూసేసిన చెట్టు కూడా మన లెక్కలో సగం మోడే. కుండలు పోయాయి, ఊట ఉంది. నేల తడి కూడా నిండుగా ఉంటే కొద్ది వారాల్లో మాను పొడుగునా చిగుళ్లు పొడుచుకొస్తాయి.

గొడ్డలి పెంచిన అడవి

ఈ లెక్క ఒక్కో చెట్టుకే పరిమితం కాదు. 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట దీవి నిండా ఈ కథే. ఇవాళ ఆ పేరు చెబితే రాకెట్లు గుర్తొస్తాయి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి లేచిన మొదటి రాకెట్ పేరు కూడా రోహిణే! అంతకు ముందు ఆ దీవి మద్రాసు పొయ్యిలకు కట్టెల కొట్టు. నరికిన కట్టెలు బకింగ్‌హాం కాలువ పడవల్లో పట్నానికి పోయేవి. కొట్టిన మొద్దులు మళ్లీ పిలకలేసేవి, కొన్నేళ్లకు మళ్లీ గొడ్డలి. అక్కడి గిరిజనులు యానాదులకు ఆ అడవిలో ఏ మొద్దు ఎప్పుడు లేస్తుందో పుస్తకాలు రాకముందే తెలుసు.

ఆ అడవిది వృక్షశాస్త్రంలో ఒక పాత పేచీ. ఇలాంటి కోస్తా అడవుల్ని భారత అడవుల వర్గీకరణలో ఛాంపియన్, సేథ్ ‘ఉష్ణమండల పొడి సతతహరిత అరణ్యం’ అన్నారు. పేరులోనే తగువుంది: పొడి, మళ్లీ సతతహరితం. ఏడాదిలో సగానికి పైగా వాన లేని చోట పాల, అల్లి, నేరేడు చెట్లు ఏడాది పొడుగునా పచ్చగా ఎట్లా ఉంటాయి? వాన ఏ నెలల్లో పడుతుందన్నది ముఖ్యమని పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన వి.ఎం. మెహర్-హోంజీ వంటివాళ్లు చూపించారు. చల్లని నెలల్లో పడే వాన తొందరగా ఆవిరైపోదు, నేలలోకి దిగుతుంది. ఇసుక దిబ్బల కింద తియ్యని నీరు నిలవ ఉంటుంది. పాలచెట్టు ఆకు చేత్తో పట్టుకుంటే తోలు ముక్కలా ఉంటుంది. ఒకసారి వేస్తే ఆవిరిని అదుపులో పెట్టుకుంటూ ఎక్కువ కాలం వాడుకునే ఆకు అది. కొత్త కుండలు కొనకుండా పాత కుండనే పొదుపుగా వాడే సంసారం.

ఇలాంటి అడవుల్లో తీరం పొడుగునా మనం చూసే నడుమెత్తు పొదలు సహజంగానే పొట్టివా, లేక తరతరాల గొడ్డలి వాటిని ఎప్పటికప్పుడు మోడుగా ఉంచిందా అన్నది ఆ పేచీలో ఇంకో సగం. శ్రీహరికోటలో రాకెట్ల పుణ్యమా అని కట్టెల వ్యాపారం ఆగింది. గొడ్డలి తగలని అడవి ఎట్లా ఉంటుందో చూడటానికి ఈ తీరంలో మిగిలిన కొద్ది చోట్లలో అదొకటి.

జామాయిల్ లేస్తుంది, సరుగుడు లేవదు

ఇక పొలాల సంగతి. తీరం ఇసుకల్లో సరుగుడు, లోపలి ఎర్ర నేలల్లో జామాయిల్. రెండూ నాలుగైదేళ్లకు కోతకొస్తాయి, కాగితం మిల్లులకో, సెంట్రింగ్ కర్రలకో పోతాయి. జామాయిల్ తోట కొట్టాక రైతు మళ్లీ నాటడు. చెరుకు కార్శి లాగా మొద్దులే పంట. సరుగుడు కొట్టాక మాత్రం వేరు మొద్దులతో సహా పెళ్లగించి వంటచెరుకుగా అమ్మేసి, కొత్త నారు తెచ్చుకుంటాడు.

తేడా నీళ్లలో లేదు, మొగ్గల్లో ఉంది. జామాయిల్ మొదలు దగ్గర నేల మట్టాన గడ్డ కట్టినట్టు ఉబ్బు ఉంటుంది. నిద్ర మొగ్గలు, పిండి సరుకు అందులో దండిగా ఉంటాయి. ఆస్ట్రేలియా అడవి మంటల్లో బతికిన వంశం మరి. సరుగుడుకు ముదిరిన మొదలులో బతికున్న మొగ్గలు చాలా తక్కువ. వేళ్ల ఊట ఎంతున్నా వాడుకునే నోరు లేదు. అన్నట్టు సరుగుడుకు మనం ఆకులనుకునే సూదులు ఆకులు కావు, పచ్చని సన్న కొమ్మలు. అసలు ఆకులు ఆ సూది కణుపుల దగ్గర పళ్లలా ఉండే చిన్న పొలుసులు. ఉప్పు గాలికీ పడమటి గాలికీ ఎదురు నిలవడానికి అది ఎంచుకున్న దారి, తోడకాన్నే కుదించుకోవడం. ఇసుక దిబ్బ మీద అది గెలిచింది అందుకే, గొడ్డలికి ఓడింది మాత్రం మొగ్గ లేక.

జామాయిల్ కొట్టేటప్పుడు మొద్దును జానెడు ఎత్తులో, ఏటవాలుగా, బెరడు చీలకుండా కోయమని అటవీ శాఖ వాళ్లు చెబుతారు. ఏటవాలు వాన నీరు జారడానికి. బెరడు జాగ్రత్త మొగ్గల కోసం. చురుగ్గా పెరిగే కాలంలో బెరడు కింద పొర పాకంలా మెత్తగా ఉంటుంది, రంపం అదిరితే చాలు ఊడొస్తుంది. ఆ తర్వాత మొద్దుకు పది పిలకలు లేస్తే రెండు మూడే ఉంచి మిగతావి తీసేస్తారు. పిలక జామాయిల్ ఆకు వెడల్పుగా, కోలగా ఉంటుంది, పెద్ద చెట్టు ఆకు కొడవలిలా సన్నగా ఉంటుంది. నీళ్ల బిగువు ఒక్కటే కాదు, లేత వయసు రూపం కూడా అది. ఆ వెడల్పాకులు తోటనంతా కప్పేసేసరికి దొరువు దగ్గర మళ్లీ కుండల రద్దీ మొదలవుతుంది.

ఎంత కాలానికి అన్నది చెట్టును బట్టి, నేలను బట్టి మారుతుంది. మన రోడ్డు పక్క వేప సంగతే చూడండి. మొదటి ఏడాది రోహిణిలో అది ఎర్రగా లేచింది. రెండో ఏడాది పిలకలు మనిషెత్తు దాటాయి, ఉగాదికి మిగతా వేపలతో పాటు కాకుండా ముందో వెనకో చిగురించింది. మరో ఏడాది రెండేళ్లు గడిస్తే ఆకులు వేళ్ల ఊటతో సమానమవుతాయి. అప్పుడు ఒక వైశాఖ మాసం మధ్యాహ్నం, పడమటి గాలి వీస్తుండగా ఆ దారిన పోతే, రెండు వేపలూ ముదురాకులతో, కాయలతో, ఒక్క చిగురూ లేకుండా నిలబడి ఉంటాయి. ఏది మోడు నుంచి లేచిందో తెలియాలంటే మొదలు దగ్గర వంగి చూడాల్సిందే.